ఎంక్వయిరీ కౌంటర్‌లో అక్క గొంతు

అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. బస్సుల కార్పొరేషన్‌లో జీతాల విభాగం వాళ్లు తప్ప ఆ పేరు ఎవరూ వాడలేదు. మిగతా అందరికీ అతను రిమోట్. ఎదురుగా ఉంటే రిమోట్ గారు, పక్కకు తప్పుకుంటే రిమోట్ గాడు, పని పడితే రిమోట్ సారు. ప్రధాన బస్ స్టేషన్ మేడ మీద, కిటికీ తెరిస్తే డీజిల్ పొగ లోపలికొచ్చే గదిలో కూర్చుని అన్ని డిపోల కంప్యూటర్లనూ అతనే నడిపించేవాడు. ఏ కంప్యూటర్‌లోకి ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కాలి, ఏది దిగాలి, ఎప్పుడు ఆగి మళ్లీ మొదలవ్వాలి, ఎవరి తెర మీద ఏ బొమ్మ కనపడాలి, అన్నీ అతని చేతిలోనే. ఊరవతల డిపోలో గుమస్తా గారు ముచ్చటపడి పెట్టుకున్న మనవడి ఫొటో తెల్లారేసరికి మాయమై, ఆ చోట కార్పొరేషన్ బస్సు నిగనిగలాడుతూ కనపడిందంటే అది రిమోట్ చలవే.

ఇంత దర్జా మొదటి నుంచీ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో భుజాన సంచీ, సంచీ నిండా సీడీలు వేసుకుని డిపో డిపోకూ బస్సులో తిరిగేవాడు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందంటే ప్రతి కంప్యూటర్ ముందూ కూర్చుని చేత్తో ఎక్కించాల్సిందే. తెర మీద గీత ఈ చివర నుంచి ఆ చివరికి పాకేసరికి ఒక టీ తాగడం, అది చాలక ఇంకో టీ తెప్పించుకోవడం రెండూ అయిపోయేవి. అంతసేపూ పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడకుండా ఎలా ఉంటాడు? అలా ఏ డిపో మేనేజరుకు షుగర్ ఉందో, ఏ టికెట్ గుమస్తాకు అల్లుడితో పడదో, వర్క్‌షాప్ ఫోర్‌మన్ ఎవరి మీద అలిగి మాటలు మానేశాడో అన్నీ అతనికి తెలిసేవి. పని నత్తనడకన సాగేది, ఒళ్లు హూనమయ్యేది. కానీ ఆ రోజుల్లో ఏ కంప్యూటర్ పేరు చెప్పినా దాని ముందు కూర్చునే మనిషి ముఖం అతనికి గుర్తొచ్చేది.

తర్వాత కేంద్ర సర్వర్ వచ్చింది. ఇక సీడీలు లేవు, సంచీ లేదు, బస్సు ప్రయాణాలు లేవు. మేడ మీద గదిలో ఒక నియమం రాసి మీట నొక్కితే చాలు, అన్ని డిపోల్లోనూ అదే అమలవుతుంది. రిమోట్‌కు రెక్కలొచ్చినట్టయింది. మొదట్లో ప్రతి మిషను పక్కనా అది వాడే మనిషి పేరు కూడా రాసుకున్నాడు. మనుషులు బదిలీ అవుతుంటారు, ఎప్పటికప్పుడు మార్చుకోలేక తల ప్రాణం తోకకు వచ్చేది. ఒకసారి విసుగెత్తి ఆ పేర్లన్నీ పీకేసి డిపో, గది, నంబరు మాత్రమే ఉంచాడు. తెర శుభ్రంగా, చూడముచ్చటగా తయారైంది. పై అధికారులు కూడా మెచ్చుకున్నారు. అతను ఆ రోజు ఇంటికి వెళ్లి భార్యతో గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

పనిలో మాత్రం అతను ఆషామాషీ మనిషి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఏ నియమమైనా అందరి మీదా ఒక్కసారి వదిలేవాడు కాదు. ముందు తన గదిలోనూ, పక్క సెక్షన్‌లోనూ ఉన్న కొన్ని మిషన్ల మీద వదిలి, కొద్ది రోజులు చూసేవాడు. వాటికి 'రుచి చూసే మిషన్లు' అని తనే పేరు పెట్టాడు. అక్కడ అంతా సవ్యంగా ఉంటేనే మిగతావాటికి వడ్డన. అందుకే కార్పొరేషన్‌లో ఎవరి కంప్యూటరైనా మొరాయించిందంటే అది వాడేవాళ్ల తప్పే గాని తన తప్పు కాదని అతనికి గట్టి నమ్మకం ఏర్పడిపోయింది.

అదే బస్ స్టేషన్‌లో, కింది అంతస్తులో అనౌన్స్‌మెంట్ గదిలో ఒకావిడ పనిచేసేది. డ్రైవర్ల నుంచి మేనేజర్ల దాకా అందరూ ఆవిడను అక్క అనేవాళ్లు. "ప్రయాణికులకు మనవి" అని ఆవిడ మైకులో మొదలుపెడితే ఏడుస్తున్న పిల్లలు కూడా ఓ క్షణం ఆగి చూసేవాళ్లు. అంత కమ్మని గొంతేమీ కాదు. కొంచెం బొంగురు, కొంచెం గదమాయింపు, కింద ఎక్కడో ఆపుకున్న నవ్వు. బస్సు ఆలస్యమని చెప్పినా జనానికి కోపం వచ్చేది కాదు. తప్పిపోయిన పిల్లవాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వాడి చొక్కా రంగు చెబుతుంటే, తల్లిదండ్రులు వాడు కనపడకముందే సగం ధైర్యం తెచ్చుకునేవారు.

ఆ గొంతులోనే పుండు లేచింది. స్వరపేటిక తీసేయక తప్పదని డాక్టర్లు తేల్చేశారు. ఆవిడకు పెళ్లీ పిల్లలూ లేరు, ఉన్నదల్లా ఒక చెల్లెలు. ఆ చెల్లెలికి పుట్టుకతోనే చూపు లేదు. పక్క ఊళ్లో ఒక పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్. ఏ వార్డుకు ఏ నంబరో వేళ్ల చివర ఉంటుంది ఆ పిల్లకు. అక్క ఉత్తరం రాస్తే చదవలేదు, చెయ్యి ఊపితే చూడలేదు. ఆ పిల్లకు అక్కంటే గొంతే. ఆపరేషన్ మాట విన్న రోజు అక్క రిమోట్ గదికి మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూలబడి, "తమ్ముడూ, నాకు చావంటే భయం లేదురా. దానికి నేను బతికున్నానని ఎలా తెలుస్తుంది?" అంది.

రిమోట్‌లో సంచీ మోసిన రోజుల నాటి మనిషి ఇంకా పూర్తిగా పోలేదు. ఎక్కడెక్కడో వెతికి, మీట నొక్కితే రికార్డు చేసిన మాట వినిపించే ఒక చిన్న పాత ప్రోగ్రాం పట్టుకొచ్చాడు. కార్పొరేషన్ ఆమోదించిన సాఫ్ట్‌వేర్‌లలో అది లేదు. ఉండదు కూడా. అయినా ఎంక్వయిరీ కౌంటర్ కంప్యూటర్‌లో పెట్టేశాడు. ఆపరేషన్ లోపు వీలున్నప్పుడల్లా ఇద్దరూ మైకు ముందు కూర్చుని మాటలు పోగుచేశారు. "మూడో ప్లాట్‌ఫారం అండీ." "అది ఇప్పుడే వెళ్లిపోయింది, తర్వాతది చూసుకోండి." "లైన్‌లో రండి బాబూ, బస్సు ఎక్కడికీ పారిపోదు." ఆ తర్వాత చెల్లెలి వంతు. "చెల్లీ, నేనే." "తిన్నావా?" "అబద్ధాలాడకు, తినలేదని తెలుస్తూనే ఉంది." "నేను బాగానే ఉన్నానే, ఏడవకు." మధ్యలో రిమోట్ ఏదో వెర్రి జోకు వేస్తే అక్క పగలబడి నవ్వింది. మైకు ఆపడం మరిచిపోయారు. ఆ నవ్వు తీసేద్దామా అని అతను అడిగితే, "ఉండనీరా, దానికో మీట ఇయ్యి" అంది.

ఆపరేషన్ అయ్యాక అక్కను ఎంక్వయిరీ కౌంటర్‌లో వేశారు. మెడకు చున్నీ చుట్టుకుని అద్దం వెనక కూర్చుని, జనం అడిగిందానికి మీట నొక్కేది. అద్దానికి బిగించిన స్పీకర్‌లోంచి ఆవిడ గొంతే వచ్చేది. చాలామంది ప్రయాణికులకు తేడా తెలియనే లేదు. పెదవులు కదపకుండా మాట్లాడుతుందేమిటని ఒకాయన మాత్రం వంగి వంగి చూశాడు, "లైన్‌లో రండి బాబూ" అని మందలింపు తిని పోయాడు. మధ్యాహ్నం భోజనం వేళ కౌంటర్ మూసి, చెల్లెలికి ఫోన్ చేసి రిసీవర్ స్పీకర్‌కు ఆనించేది. "చెల్లీ, నేనే." అవతల నుంచి కబుర్లు మొదలయ్యేవి. చెల్లెలు ఏం చెప్పినా సరిపోయే మాట ఆ మీటల్లో ఉండదు కదా. అప్పుడు నవ్వు మీట నొక్కేది. ఎక్కడ ఏ మీట నొక్కాలో అక్కకు చెయ్యి తిరిగిపోయింది. ఈ మీటల సంగతి అక్క ఆపరేషన్‌కు ముందే చెప్పింది గాని, ఆ చెల్లెలికి మాత్రం అది మీటలా? అక్కే.

ఆ ప్రోగ్రాం మీద నియమాల కన్ను పడకుండా రిమోట్ ఒక ఏర్పాటు చేశాడు. సర్వర్‌లో 'మినహాయింపు' అని ఒక గుంపు ఉంటుంది. ఆ గుంపులో చేర్చిన మిషన్ల జోలికి సాఫ్ట్‌వేర్ నియమం వెళ్లదు. కౌంటర్ మిషన్ను అందులో వేసి, "నేనున్నంత వరకు నీ గొంతుకు ఢోకా లేదక్కా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు.

అక్క తెలివైన మనిషి, పూర్తిగా ఆ మాట మీదే ఆధారపడలేదు. ఒక రోజు కొత్త పెన్‌డ్రైవ్ ఒకటి కొనుక్కుని మేడెక్కి వచ్చింది. మెడలో వేలాడే చిన్న పలక మీద రాసి చూపించింది: 'నా మాటలు ఇందులో వేసివ్వు. ఇంట్లో పెట్టుకుంటా.' తనంతట తాను వేసుకోలేదు, ఎందుకంటే ఏ కంప్యూటర్‌లోనూ, మినహాయింపు గుంపులో కూడా, పెన్‌డ్రైవ్ పనిచేయకుండా రిమోట్ అంతటికీ తాళం వేశాడు. ఆ తాళం తీయాలంటే కౌంటర్ మిషన్ను కాసేపు ఇంకో గుంపులోకి మార్చి, పని కాగానే వెనక్కి తేవాలి. టీ తాగేలోపు అయ్యే పని. "రేపు చేసిస్తానక్కా" అన్నాడు. ఆ రేపు ఇంకో రేపయింది. మెట్ల మీద ఎదురుపడ్డప్పుడల్లా అక్క రెండు వేళ్లతో పెన్‌డ్రైవ్ దూర్చినట్టు సైగ చేసేది. అతను తల కొట్టుకుని, చెంపలు వేసుకుని, నవ్వి తప్పించుకునేవాడు. చివరికి అది వాళ్లిద్దరి మధ్య ఒక వేళాకోళంగా మారిపోయింది. నవ్వుకుని ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు, పని మాత్రం అక్కడే ఉండిపోయేది.

ఈలోగా మినహాయింపు గుంపుకు జనం ఎగబడ్డారు. ఒకాయనకు పాత లెక్కల ప్రోగ్రామే కావాలి, కొత్తదాంట్లో బొత్తాలు చిన్నవట. ఇంకొకాయనకు పెళ్లి ఫొటోలు దిద్దుకునే సాఫ్ట్‌వేర్ కావాలి. వర్క్‌షాప్‌లో పేకాట లేకపోతే ఫోర్‌మన్‌కు భోజనం అరగదు. బతిమాలడాలు, సిఫార్సులు, "మా రిమోట్ బంగారం" అని మస్కాలు. కాదనలేక అందర్నీ చేరుస్తూ పోయాడు. మిషన్ల నంబర్లు బారులు తీరి తెర కిందికి జారిపోయాయి. ఎవరి నంబరు ఏదో అతనికే తెలియని స్థితి వచ్చింది.

చివరికి ఆ పేకాట వెంటే వైరస్ వచ్చింది. ఒక డిపోలో టికెట్ల కౌంటర్లన్నీ స్తంభించిపోయాయి, ప్రయాణికులు అద్దాలు బాదారు. మేనేజరు రిమోట్‌ను పిలిపించి అందరి ముందూ కడిగేశాడు.

"ఏమయ్యా, నువ్వు నడిపేది కార్పొరేషన్ కంప్యూటర్లా, క్లబ్బా? నియమం ఒకటి పెడతావు, అడిగినవాడికల్లా దాన్నుంచి సెలవిస్తావు. ఇక నియమం ఎందుకు?"

పక్కన నిలబడ్డ ఫోర్‌మన్, ఆ పేకాట కోసం కాళ్లావేళ్లా పడ్డవాడు, తనకేమీ తెలియనట్టు పైకప్పు చూస్తున్నాడు. రిమోట్‌కు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లలో ఎవరితోనూ మాట పడని మనిషి. గదికి వచ్చి తలుపు విసురుగా వేసుకున్నాడు. మంచితనానికి పోతే ఇదా ఫలితం అనుకున్నాడు. ఒక్కొక్కరి ముఖమూ తలుచుకుని పళ్లు కొరికాడు. అక్క ముఖం మాత్రం తలపుకు రాలేదు. ఆవిడ ఏనాడూ మినహాయింపు అడగలేదు కదా, తనే చేశాడు. అడిగినవాళ్ల మీద కోపంలో అడగని మనిషి గుర్తుండలేదు.

కొత్త నియమం రాశాడు. ఆమోదం లేని ఏ ప్రోగ్రాం ఉన్నా, దాన్ని, అది తన ఫైళ్లు దాచుకునే సంచీతో సహా తీసేసి, ఆ చోట కొత్త రక్షణ సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. పద్ధతి తప్పలేదు, రుచి చూసే మిషన్ల మీద వదిలాడు. అక్కడ పేకాటలు పోయాయి, ఫొటోలవీ పోయాయి, కొత్తది చక్కగా కూర్చుంది. పోవలసినవి పోతున్నాయా అనే చూశాడు. పోకూడనిది ఏదైనా ఉందా అన్న అనుమానం రుచి చూసే మిషన్లు తీర్చలేవు, ఎందుకంటే అలాంటిది వాటిలో లేదు.

ఇక మిగిలింది మినహాయింపు గుంపు. ఒక్కో నంబరూ పట్టుకుని డిపోలకు ఫోన్ చేసి, ఇది ఎవరిది, ఎందుకు చేర్చాం అని అడగవచ్చు. ఒక మధ్యాహ్నం పని. అలా చేద్దామనే మొదట అనుకున్నాడు కూడా, ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. మొదటి ఫోనే ఫోర్‌మన్‌కు చేయాల్సి వచ్చేసరికి ఒళ్లు మండింది. మళ్లీ బతిమాలతారు, మళ్లీ కథలు చెబుతారు. ఫోన్ పక్కకు నెట్టి, గుంపు మొత్తాన్నీ ఎంచుకుని, ఖాళీ చేసేశాడు. నిజంగా ఖాళీ చేయాలా అని సర్వర్ అడిగింది. అవునన్నాడు. చాలా రోజుల తర్వాత గుండె తేలికైనట్టనిపించింది.

మర్నాడు పొద్దున డిపోల్లో కంప్యూటర్లు ఒక్కొక్కటే మొదలయ్యాయి. అతని తెర మీద నంబర్ల పక్కన ఆకుపచ్చ చుక్కలు వెలుగుతూ వచ్చాయి. ఆకుపచ్చ అంటే చెప్పిన పని జరిగిందని అర్థం. ఎంక్వయిరీ కౌంటర్ నంబరు కూడా ఆకుపచ్చగానే వెలిగింది. అతను దాన్ని చూశాడు, చూసి కిందికి జరిపాడు.

అక్క మేడెక్కి వచ్చింది. ఆపరేషన్ తర్వాత మెట్లెక్కితే ఆయాసం, తలుపు పట్టుకుని నిలబడి పలక చూపించింది: 'నా మాటలు రావట్లేదు.' రిమోట్ కిందా మీదా పడి కౌంటర్‌కు పరుగెత్తాడు. మెట్లు దిగుతుండగానే విషయం అర్థమైపోయింది. అయినా కౌంటర్‌లో కూర్చుని వెతికాడు. అద్దం అవతల జనం, "మేడమ్, బస్సు ఏ ప్లాట్‌ఫారం?" అని అడుగుతూనే ఉన్నారు. అక్క వేళ్లు చూపిస్తూ వాళ్లను పంపిస్తోంది. ప్రోగ్రాం లేదు. మాటలు దాచిన సంచీ లేదు. తీసేసినవి తిరిగి పట్టే ఉపాయాలు అతనికి తెలుసు, అన్నీ ప్రయోగించాడు. లాభం లేదు, ఖాళీ అయిన ఆ చోటనే కొత్త రక్షణ సాఫ్ట్‌వేర్ కాళ్లు బారజాపుకుని కూర్చుంది. దాన్ని అక్కడ కూర్చోబెట్టిందీ తనే. సర్వర్‌లో నకలు ఉంటుందేమోనని చూశాడు. ఉండదని తెలిసే చూశాడు. ఆమోదం లేని వాటికి నకలు తీయొద్దన్న నియమం కూడా అతను రాసిందే.

అక్క అతని ముఖంలోకి చూస్తోంది. ఆ కళ్లలో ఇంకా భయం లేదు. తమ్ముడున్నాడు, చూసుకుంటాడు అన్న నిబ్బరం ఉంది.

"డిస్కు పోయిందక్కా" అన్నాడు. "పాత మిషను కదా. ఉన్నట్టుండి పోయింది."

అక్క పలక తుడిచి రాసింది. అతన్ని తిడుతుందనుకున్నాడు, తిట్టినా బాగుండేది. 'యంత్రం పోతే నువ్వేం చేస్తావురా. ఏడవకు' అని రాసింది. అప్పటిదాకా తను ఏడుస్తున్నట్టు అతనికి తెలియదు.

ఇంటికి వెళ్లి భార్యకు చెప్పాడు. ఆవిడ వింటూ వింటూ చేతిలో పని ఆపేసింది.

"ఆవిడ పెన్‌డ్రైవ్ తెచ్చిందని చెప్పారు కదా మీరు. ఇవ్వలేదా?"

"ఇద్దామనే అనుకున్నాను."

"అనుకున్నారు" అంది. "పోయింది ఎలాగూ పోయింది. అబద్ధం ఎందుకు చెప్పారండీ? ఆవిడ మిమ్మల్ని ఓదార్చిందంటున్నారు. ఆ ఓదార్పు ఎలా పుచ్చుకున్నారు?" అంది. రిమోట్ అన్నం కలుపుకోకుండానే లేచాడు.

చెయ్యగలిగింది ఒకటే మిగిలింది. టైపు చేస్తే చదివి వినిపించే కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటుంది, దానికి ఆమోదం కూడా ఉంది. తెప్పించి స్వయంగా కౌంటర్‌లో కూర్చుని ఎక్కించాడు. సంచీ రోజుల్లో లాగా గీత పాకుతున్నంతసేపూ పక్కన అక్క కూర్చుంది. ఇద్దరి మధ్యా మాట లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఆడగొంతు ఉంది. తప్పు పట్టడానికి లేని గొంతు, వార్తలు చదివేవాళ్ల గొంతులాగా నున్నగా, స్పష్టంగా ఉంటుంది. ఏ మాటైనా పలుకుతుంది. ప్రయాణికులకు ఇంకా తేలికయిందనే చెప్పాలి.

భోజనం వేళయింది. మిషను పోయినప్పటి నుంచీ అక్క చెల్లెలికి ఫోన్ చేయలేదు. ఇప్పుడు కౌంటర్ తలుపు మూసి, రిమోట్‌ను ఉండమని సైగ చేసి, నంబరు తిప్పింది. రిసీవర్ స్పీకర్‌కు ఆనించి టైపు చేసింది. 'చెల్లీ, నేనే' అంది ఆ నున్నటి గొంతు.

"నమస్కారమండీ, ఆసుపత్రి. ఏ వార్డు కావాలండీ?" అంది అవతల చెల్లెలు, రోజంతా అందరితో మాట్లాడే మర్యాద గొంతుతో.

అక్క మళ్లీ టైపు చేసింది. 'నేను అక్కను. ఇది కంప్యూటర్ గొంతు. తిన్నావా?'

"ఎవరో గాని, మా అక్క గొంతు నాకు తెలుసండీ. అసలే దాని ఫోన్ రాక నా ప్రాణం కొట్టుకుపోతోంది. ఇలాంటి వేళాకోళాలు ఆడకండి, మీకు పుణ్యముంటుంది." ఫోన్ పెట్టేసింది.

అక్క రిసీవర్ వైపు చూసింది, తర్వాత రిమోట్ వైపు చూసింది. ఆవిడ కళ్లు నిండాయి. నంబరు మళ్లీ తిప్పి ఈసారి రిసీవర్ అతని చేతికిచ్చింది, నువ్వు చెప్పు అన్నట్టు.

"అమ్మా, నేను బస్ స్టేషన్ కంప్యూటర్ మనిషిని" అన్నాడు. "ఇందాక చేసింది మీ అక్కగారే. ఇక్కడే, నా పక్కనే ఉన్నారు. బాగానే ఉన్నారు."

"నిజంగానా అన్నయ్యా? అది బాగుందా?" అవతల గొంతు ఒక్కసారిగా చిన్నపిల్ల గొంతయిపోయింది. "అయ్యో, దాన్ని కసిరేశానే! మీ గురించి అప్పట్లో తెగ చెప్పేది, తమ్ముడు నా గొంతు దాచిపెట్టాడే అని. మరి దాని గొంతున్న మిషను ఏమైంది? చెడిపోయిందా? ఫర్వాలేదు అన్నయ్యా, నిదానంగా బాగు చేయండి. ఎన్నాళ్లయినా ఆగుతాను. బాగవుతుంది కదా?"

అక్క వింటోంది. అవతలి మాటలన్నీ రిసీవర్‌లోంచి ఆవిడకు వినిపిస్తూనే ఉన్నాయి. చెప్పు, డిస్కు పోయిందని చెప్పు అన్నట్టు అతని భుజం మీద చెయ్యి వేసి మెల్లగా తట్టింది. ఆ చెయ్యి పడకపోతే అతను అదే చెప్పేవాడేమో.

"చెడిపోలేదమ్మా" అన్నాడు. "నేనే తీసేశాను. పైనుంచి అందరివీ ఒక్కసారి తీసేస్తూ, చూడకుండా ఇదీ తీసేశాను. ఇక రాదు. మీ అక్క పెన్‌డ్రైవ్ తెచ్చి ఎన్నోసార్లు అడిగింది. రేపు రేపు అంటూ నేనే ఇవ్వలేదు. డిస్కు పోయిందని అక్కకు అబద్ధం చెప్పాను."

భుజం మీది చెయ్యి తట్టడం ఆపింది. తర్వాత ఆ చెయ్యి అక్కడ లేదు. అవతల ఆసుపత్రిలో వేరే ఫోన్లు మోగుతున్న చప్పుడు వినిపిస్తోంది, ఆ పిల్ల వాటిని ఎత్తడం లేదు.

వెనక కీబోర్డు చప్పుడైంది. అతను తిరిగి చూడలేకపోయాడు. అద్దానికి బిగించిన స్పీకర్‌లోంచి ఆ నున్నటి గొంతు వచ్చింది.

"ఫోన్ ఇటివ్వు."

అక్క ఆ మాట కోపంతో అందో, ఏడుపుతో అందో, పోనీలే అని అందో ఆ గొంతులో తెలియలేదు. తెలిసే గొంతును అతనే తీసేశాడు. రిసీవర్ ఆవిడ చేతిలో పెట్టి బయటికి వచ్చి, అద్దం ఇవతల ప్రయాణికుల మధ్య నిలబడ్డాడు. అవతల చెల్లెలు మాట్లాడుతున్నట్టుంది, అక్క రిసీవర్ చెవికి గట్టిగా నొక్కుకుని వింటోంది. జవాబు కోసం కీబోర్డు మీద మాత్రం చెయ్యి వేయడం లేదు.